గన్ను తోసే ముందు

“ఎప్పట్నుంచి అరుస్తోంది పెద్దమ్మా?”

ఫోనెత్తగానే ముందు ఈ మాట అడుగు. మిగతావన్నీ తర్వాత. డిసెంబరు 6, ఇంకా చీకటి విడలేదు, చలికి మాటతోపాటు నోట్లోంచి ఆవిరి వస్తోంది. అవతల ఆమె గొంతు కంగారుగా ఉంది. “నల్లావు అబ్బాయ్. రాత్రంతా ఒకటే అరుపు. కుడితి కూడా ముట్టలేదు. తొందరగా రా.”

రాత్రంతా సరే, మొదలైంది ఎప్పుడు? వదలకు. నిన్న సాయంత్రం పాలు తీసేటప్పుడు ఎలా ఉందని అడుగు. ఆమె క్షణం ఆలోచిస్తుంది. “అవునవును, నిన్న సాయంత్రమే సరిగా చేపలేదు. లీటరు పాలు తగ్గాయి. పక్కనున్న ఎర్రావు మీదికి కూడా లేచింది.”

అయితే ఇప్పుడే బయల్దేరాలి. అదే ఈ తెల్లవారుజామునే మొదటిసారి అరిచిందని చెప్పి ఉంటే, సాయంత్రం వస్తానని చెప్పి మళ్లీ ముసుగుతన్నేవాడివి. పొద్దున ఎద కనబడితే సాయంత్రం సూది, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున. ఎందుకంటే ఆవు ఎద 12 నుంచి 18 గంటలు ఉంటుంది గానీ, అండం విడుదలయ్యేది ఆ ఎద చల్లారాక, ఇంకో పది పన్నెండు గంటలకు. విడుదలైన అండం కొన్ని గంటలే బతుకుతుంది. నువ్వు వేసే వీర్యకణాలకు లోపల ఇంచుమించు ఒక రోజు ఆయుష్షు. అందులోనూ మొదటి కొన్ని గంటలు అవి అండాన్ని కలవడానికి తయారవడానికే పోతాయి. ముందే వేస్తే అండం వచ్చేసరికి ఇవి ఉండవు. ఆలస్యమైతే అండమే ఉండదు. ఎటు తప్పినా 21 రోజులు ఆగి మళ్లీ మొదలెట్టాలి.

నువ్వు గోపాలమిత్రవి, పశువులకు చూడి సూది వేసేవాడివి. పశువుల డాక్టరువి కాదు. శిక్షణ పూర్తయి ఏడాది కూడా కాలేదు. ఈ నాలుగు ఊళ్లలో ఆవు ఎదకొచ్చినా, గేదె ఎదకొచ్చినా నీ ఫోనే మోగుతుంది.

వీర్యం ఉంచే క్యాన్‌ని బండి వెనక కట్టేముందు మూత తీయి. నల్ల కొలబద్దను అడుగుదాకా దించి, పది లెక్కపెట్టి, బయటికి తీసి గాల్లో ఊపు. తెల్లగా మంచు ఎంతమేర పట్టిందో లోపల ద్రవ నత్రజని అంతమేర ఉన్నట్టు. జానెడుకు కాస్త తక్కువ. పరవాలేదు. ఆ ద్రవం మైనస్ 196 డిగ్రీల్లో ఉంటుంది. అందులో మునిగి ఉన్నంతకాలం వీర్యకణాలకు వయసు రాదు, ఏళ్లు గడిచినా సరే. అది ఆవిరైపోయిందా, క్యాన్‌లో ఉన్న సరుకంతా చస్తుంది. పైకి మాత్రం ఏమీ తెలీదు. స్ట్రా అంటే వీర్యం నింపిన సన్నటి గొట్టం. చచ్చిన స్ట్రా కూడా బతికున్న స్ట్రాలాగే ఉంటుంది. 21 రోజుల తర్వాత ఆవు చెబుతుంది సంగతి. అందుకే ఈ కొలబద్ద రోజూ ముంచాలి. ముంచనివాళ్లు ఉన్నారు. ఆ నష్టం భరించేది మాత్రం వాళ్లు కాదు.

గుంతల దగ్గర బండి నెమ్మదిగా పోనీ.

రేకుల పాక ముందు బండి ఆపేసరికి తూరుపు తెల్లబడుతోంది. పేడ వాసన, తడిసిన వరిగడ్డి వాసన. లోపల ఐదు పశువులు. మూడో ఈత నల్లావు, హోల్‌స్టీన్ సంకరం. జులైలో ఈనిన ఎర్రావు, జెర్సీ సంకరం. నల్లావు కూతురు పెయ్య. ఒక ముర్రా గేదె, దాని కింద దున్నదూడ. ఆమె ఇంటి ఖర్చు, మందుల ఖర్చు, మనవడి ఫీజు అన్నీ ఈ పాకలోంచే రావాలి.

క్యాన్ దించకు. ముందు నిలబడి చూడు.

పెయ్య నల్లావు మీదికి ఎక్కుతోంది. కొత్తగా వచ్చినవాడు పెయ్యే ఎదలో ఉందనుకుంటాడు. ఎక్కేదాన్ని కాదు, ఎక్కించుకునేదాన్ని చూడాలి. నల్లావు కదల్లేదు. నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడింది, చెవులు వెనక్కి పెట్టుకుని. పెయ్య దిగింది. మళ్లీ ఎక్కింది. నల్లావు మళ్లీ కదల్లేదు. తోక ఎత్తి చూడు. మానం ఉబ్బి, లోపలి పొర ఎర్రగా ఉంది. గుడ్డు తెల్లసొనలా తేటగా, తెగకుండా తీగ మోకాలిదాకా వేలాడుతోంది. ఇంకేం అనుమానం లేదు.

పెద్దాయన మంచం మీంచే కేకేస్తాడు. “మా రోజుల్లో ఊరి ఆంబోతుండేది. తోలితే పనైపోయేది. ఈ క్యాన్లూ గీన్లూ ఏంటో.”

జవాబు చెప్పాలా? చెప్పు, చేతులు కడుక్కుంటూ. ఐదు పశువులున్న ఇంట్లో ఆంబోతును మేపితే ఏడాదంతా అది తినే మేతకు ఆవు ఇంకోటి వస్తుంది. ఊరి ఆంబోతైతే, మూడేళ్లలో దాని కూతుళ్లే దాని ముందుకొస్తాయి. ఒక ఆవుకున్న రోగాన్ని ఇంకో ఆవుకు మోస్తుంది, చూడి ఈడ్చుకుపోయే బ్రూసెల్లా లాంటివాటిని కూడా. అది పచ్చిపాలు తాగినవాళ్లకూ, మాయ ముట్టుకున్నవాళ్లకూ అంటుతుంది. మంచి కోడె నుంచి ఒక్కసారి తీసిన వీర్యాన్ని పలచన చేసి వందల స్ట్రాలు నింపుతారు. నంద్యాలలోనో కరీంనగర్‌లోనో కేంద్రంలో కట్టేసి ఉన్న కోడె ఈ పాకలోకి రాకుండానే దూడకు తండ్రవుతుంది. మన దేశంలో ఈ పని 1939లో, మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫాంలో సంపత్ కుమారన్ మొదలెట్టాడు. అప్పుడు ఈ క్యాన్ లేదు. తీసిన వీర్యాన్ని చల్లగా ఉంచి ఒకట్రెండు రోజుల్లో వాడేయాల్సిందే.

పెద్దాయన సమాధానపడలేదు. ఆయన పడకపోయినా పనాగదు.

నల్లావును పాక మూల స్తంభానికి కట్టించు. ఒక పక్క గోడ, ఇంకో పక్క అడ్డంగా వెదురు గడ. పశువును కదలకుండా నిలిపే ట్రెవిస్ లేని ఇంట్లో ఇంతకన్నా ఏర్పాటు ఉండదు. పెద్దమ్మ ముకుతాడు పట్టుకుని గంగడోలు నిమురుతోంది. నువ్వు భుజందాకా ప్లాస్టిక్ గ్లవ్ తొడుక్కో. ముందు చెయ్యి పెట్టి చూసి, అంతా సరిగ్గా ఉందనుకున్నాకే స్ట్రా తీయాలి. కొందరు ముందే స్ట్రా కరిగించి, చేతిలో పట్టుకుని ఆవు వెనక తచ్చాడతారు. ఆ అలవాటు పట్టకు.

ఎడమ చెయ్యి. ఐదు వేళ్లూ దగ్గరికి మూసి నెమ్మదిగా లోపలికి. పేడ తీసెయ్. పేగు మోచేతిని బిగిస్తుంది. ఆగు. బలం పెట్టకు, దానంతటదే వదులుతుంది. బయట వేళ్లు కొంకర్లు పోతున్న చలి. లోపల వేడి. చెప్పుకోకూడదు గానీ హాయిగా ఉంటుంది. ఇప్పుడు అరచేయి కిందికి తిప్పి వెతుకు. మెత్తటి వాటి మధ్య ఒకటే గట్టిగా తగులుతుంది, నాలుగు వేళ్ల పొడవున, ముడులు ముడులుగా. అది గర్భసంచి మెడ. దాని అవతల గర్భసంచి. వేళ్ల కింద బిర్రుగా ఉంది, తాకితే ఇంకా బిగుసుకుంటోంది. ఎదలో ఉన్న ఆవు గర్భసంచి ఇలాగే ఉంటుంది. ఈ బిర్రుతనం గుర్తుపెట్టుకో. ఇంకాసేపట్లో నీకు అవసరం పడుతుంది.

చెయ్యి బయటికి తీయి. ఇప్పుడు స్ట్రా.

“పెయ్యే పుట్టే సూది వచ్చిందటగా, అది వెయ్యి,” అంటోంది పెద్దమ్మ. ఉంది. ఆడదూడను ఇచ్చే వీర్యకణంలో జన్యుపదార్థం మగదానికన్నా పిసరంత ఎక్కువ. ఆ తేడాను యంత్రంతో పట్టి వేరుచేస్తారు. పుట్టే దూడల్లో నూటికి 90 దాకా పెయ్యలే. కానీ మామూలు స్ట్రాలో 2 కోట్ల కణాలుంటే అందులో ఉండేవి బాగా తక్కువ. నిలిచే అవకాశమూ కొంత తక్కువే. ధరెక్కువ. ఎద స్పష్టంగా చూపించే కుర్ర పెయ్యలకు బాగా పనిచేస్తుంది. “అది మీ పెయ్యకు దాచుకుందాం పెద్దమ్మా. దీనికి మామూలుదే వేస్తాను.” ఆమె ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే వేయాల్సి వచ్చేది, ఆవు ఆమెది.

ఇంకో లెక్క కూడా ఉంది. ఎండాకాలం రేకుల కింద నిలబడే ఆవుకు పూర్తి హోల్‌స్టీన్ కోడె స్ట్రా వేసుకుంటూ పోతే, రేపటి పెయ్య ఆ వేడికి నాలుక బయటపెట్టి రొప్పుతుంది. సంకరజాతి కోడెది తీయి. పెయ్య పుట్టిన సూదికి నల్లావుకు వాడిన కోడె నెంబరు పుస్తకంలో చూసుకో. స్ట్రా మీద సన్నని అక్షరాల్లో కోడె నెంబరు, జాతి, కేంద్రం, తేదీ అన్నీ అచ్చువేసి ఉంటాయి. పుస్తకంలో చూసిన ఆ నెంబరు కోడెను పెయ్యకు మాత్రం వెయ్యకూడదు. దానికి అది తండ్రి.

ఫ్లాస్కులో వేడినీళ్లు. థర్మామీటరు పెట్టు. 37. సరిపోయింది.

మూత తీయి. తెల్లటి పొగ అంచు దాటి కిందికి జారుతోంది. స్ట్రాలున్న డబ్బీని క్యాన్ మెడదాకానే లాగు, పైకి కాదు. చిమటా పట్టు. వేళ్లతో తాకావో చర్మం మంటలో పెట్టినట్టు ఊడొస్తుంది. ఒకటి, రెండు, మూడు. స్ట్రా పట్టుకున్నావు. నాలుగు. డబ్బీ కిందికి. స్ట్రా నీళ్లలోకి.

30 సెకన్లు.

ఈ 30 సెకన్లలో నీకు అనుమానం రావాలి. మంచు కన్నా అంత చల్లటి చోట ప్రాణమున్న కణం ఎలా బతికింది? దాని చుట్టూ ఉన్న ద్రవంలో గుడ్డు పచ్చసొన ఉంది, గ్లిసరాల్ ఉంది. గ్లిసరాల్ లేకపోతే కణంలోని నీరు మంచుముక్కలై గోడల్ని చీల్చేస్తుంది. 1949లో ఇంగ్లండ్‌లో క్రిస్ పోల్జ్ బృందం దీన్ని కనిపెట్టింది, సీసాల మీద చీటీలు తారుమారవడం వల్ల. వాళ్లు వాడుతున్నది చక్కెర ద్రావణం అనుకున్నారు. అందులో ఉన్నది గ్లిసరాల్. ఆ పొరపాటే లేకపోతే నువ్వు ఇప్పుడు ఈ పాకలో ఉండవు.

ముప్పై. తీయి. తుడువు. చుక్క నీరు లోపలికి పోయినా కణాలు చస్తాయి. వీర్యం వేసే గన్ను చల్లగా ఉంది, అరచేతుల మధ్య గట్టిగా రుద్ది వేడిచెయ్. స్ట్రా గన్నులో పెట్టు. చివర అడ్డంగా, సూటిగా కత్తిరించు. వంకరగా కోస్తే సగం సరుకు గన్ను మీద తొడిగే షీత్‌లోనే మిగిలిపోతుంది. షీత్ తొడిగి బిగించు. ఇప్పుడు గన్నును చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకో. కరిగినదానికి మళ్లీ చలి తగలకూడదు. ఈ క్షణం నుంచి నీకున్నవి కొద్ది నిమిషాలే.

ఎడమ చెయ్యి లోపలికి. కుడిచేత్తో గన్ను. మొన పైకి, ఏటవాలుగా. కిందికి పోతే మూత్రనాళంలోకి దారితీస్తుంది. మెడను చేత్తో పట్టి ముందుకు నెట్టు, మడతలన్నీ సాగుతాయి. మొన తగిలింది. గన్నును గుచ్చకు. మెడనే వేళ్లతో అటూ ఇటూ వంచి గన్ను మీదికి తొడుగు. ఒక ముడి దాటింది. రెండు. నల్లావు వెనక కాలు లేపింది.

పక్కకు జరుగు. గడకు తగిలింది దెబ్బ. నీకు కాదు.

మూడు. నాలుగు. అడ్డు పోయింది. చూపుడువేలు మెడ చివర పెట్టు. మొన వేలికి తగులుతోంది, ఒకే ఒక్క పొర అవతల. ఇక్కడే. అంగుళం ముందుకు పోతే ఒక కొమ్ములోకి పోతుంది, అండం రెండో వైపు ఉండొచ్చు. బొటనవేలితో నెమ్మదిగా నొక్కు. ఐదు లెక్కపెట్టు. గన్ను తీయి. చెయ్యి తీయి.

అయింది. పెద్దమ్మ నల్లావు నుదుటి మీద చెయ్యేసి ఏదో గొణుక్కుంటోంది. చెవికున్న పసుపు ట్యాగ్ మీద 12 అంకెలు ఫోన్‌లో ఎక్కించు. “రెండు మూడు రోజుల్లో తోకకు రక్తం కనబడితే కంగారుపడకండి. ఎద అయిపోయిందని గుర్తు, అంతే. 21వ రోజు, అంటే 27న, జాగ్రత్తగా చూడండి.”

నీ జేబులో ఫోన్ మోగుతోంది. పక్క ఊరు. గేదె.

“ఉండు అబ్బాయ్. పనిలో పనిగా ఎర్రావుకు కూడా వేసెయ్. ఇదీ ఎదలోనే ఉంది.”

నువ్వు ఆగుతావు. ఎర్రావుకు అక్టోబరు 25న నువ్వే వేశావు. పుస్తకంలో ఉంది. నవంబరు 15కి మళ్లీ పొర్లలేదు, అంటే తిరిగి ఎదకు రాలేదు. నిలిచిందనుకున్నావు. ఈ రోజు 42వ రోజు. రెండుసార్లు 21. పోయినసారిది మూగ ఎదై ఎవరూ చూడకుండా దాటిపోయి ఉంటే, సరిగ్గా ఇవాళే మళ్లీ రావాలి.

“తీగ వేసిందా పెద్దమ్మా?”

“నిన్న వేసింది. నేను చూశాగా.”

“దీని మీదికి ఎక్కితే నిలబడిందా?”

“నిలబడింది.” ఆమె గొంతులో చిన్న తడబాటు.

తోక చూడు. ఎండిన మరక ఉంది. అది నల్లావుదీ కావచ్చు. పెయ్యను వదిలి చూడు. పెయ్య ఎర్రావు మీదికి లేచింది. ఎర్రావు రెండడుగులు జరిగింది. పెయ్య మళ్లీ లేచింది. ఈసారి జరగలేదు. ముందు గోడ ఉంది మరి, ఎక్కడికి జరుగుతుంది?

చూడితో ఉన్న ఆవులు కూడా కొన్ని ఎద చూపిస్తాయి. అరుస్తాయి, ఎక్కుతాయి. అది నీకు పుస్తకంలో చదివిన సంగతి. ఇప్పుడు నీ ముందు నిలబడి ఉంది.

లెక్క వేసుకో. ఆవుకు చూడి లేకపోయి, నువ్వు వెయ్యకుండా వెళ్తే 21 రోజుల నష్టం. చూడితో ఉండి, గన్ను గర్భసంచిలోకి తోస్తే దూడే పోతుంది. 42 రోజుల పిండం బొటనవేలంత కూడా ఉండదు. పోయినట్టు కూడా ఎవరికీ తెలీదు. పేడలో కలిసి పోతుంది. ఆవు మళ్లీ ఎదకొచ్చి, మళ్లీ నిలిచేసరికి నెలలు. రెండు పాడావులున్న ఇంట్లో ఒకదాని ఈత అన్ని నెలలు వెనక్కి పోవడమంటే ఆ ఇంట్లో ఏవో కొన్ని ఆగిపోతాయి.

ఫోన్ మళ్లీ మోగుతోంది.

“ఏంటబ్బాయ్ ఆలోచన? వేసెయ్. మళ్లీ నువ్వెప్పుడు దొరుకుతావో!”

కొత్త గ్లవ్. చెయ్యి లోపలికి. నెమ్మదిగా. గర్భసంచి వేళ్లకు దొరికింది. బిర్రుగా లేదు. ఇందాక నల్లావులో తగిలిన బిగువు ఇక్కడ లేదు. కుడి కొమ్ము ఎడమదానికన్నా కాస్త లావుగా ఉందా? ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది. ఇన్ని రోజుల చూడిని చేత్తో పట్టగలిగే డాక్టర్లున్నారు. నువ్వు ఇంకా ఆ వరసలోకి రాలేదు. గట్టిగా నొక్కి చూడాలని వేళ్లు ఉబలాటపడతాయి. నొక్కకు. లోపల ఉంటే దానికి దెబ్బ.

ఇప్పుడే గ్లవ్ విప్పేసి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోతే నిన్నెవరూ తప్పుపట్టరు. కానీ ఆమె తీగ చూశానంటోంది. శిక్షణలో ఇలాంటి సందర్భానికే ఒక మధ్యదారి చెప్పారు. అది చెయ్యాలంటే చెయ్యి స్థిరంగా ఉండాలి.

చెయ్యి తీసి స్ట్రా తీయి. 37. ముప్పై సెకన్లు. తుడువు. కోయి. బిగించు. చొక్కాలో పెట్టు.

చెయ్యి లోపలికి. గన్ను లోపలికి. మొదటి ముడి. దాటింది. కానీ తేలిగ్గా కాదు. గన్ను జారడం లేదు, అంటుకుంటోంది. లోపల జిగట. తేటది కాదు. బంకలాంటిది. చూడి కట్టాక మెడకు బిరడా పడేది ఆ బంకతోనే.

రెండో ముడి. బిగుసుకుపోయి ఉంది.

ఎర్రావు కదిలింది.

వెనక భాగం గోడకేసి తిప్పేసింది. నీ భుజం గోడకు, ఆవు తుంటికి మధ్య ఇరుక్కుంది. మోచెయ్యి లోపలుంది. గన్ను లోపలుంది.

“పట్టుకో పెద్దమ్మా!”

ఆవు కూలబడబోతోంది. కూలబడితే చెయ్యి విరుగుతుంది. లాగేస్తావా? లాగకు. గన్ను మొన ఎటు తిరుగుతుందో తెలీదు. పొర చీలుతుంది. ఆవుతో పాటే నువ్వూ కదులు. ఎటు వంగితే అటు వంగు. గన్నును పట్టి ఆపకు. రెండు వేళ్ల మధ్య వదులుగా ఉంచు. ముఖం దాని తొడకు ఆనింది. తోక చెంపకు కొట్టింది. ఊపిరి. ఇంకో ఊపిరి.

పెద్దాయన మంచం దిగి వచ్చాడు. తోకను మొదట్లో పట్టి పైకెత్తాడు. ఆంబోతుల కాలంనాటి చెయ్యి. ఎర్రావు నిలబడింది.

గన్ను ఎక్కడుంది? వేళ్లతో చూడు. మెడ మధ్యలో. మొదటి ముడి దాటి, రెండోదాని ముందు. ఇంకొంచెం బలం పెడితే పోతుంది. నీకు ఆ బలం ఉంది. నల్లావుకు నాలుగూ దాటించిన చెయ్యే కదా ఇది. వేలికి దారి తెలుసు.

తోయకు.

ముందే ఒకసారి సూది వేసిన ఆవు, చూడేమో అని అనుమానమున్న ఆవు, అయితే మెడ మధ్యలోనే వదిలెయ్. మధ్యదారి అదే. నిజంగా ఎదలో ఉంటే కణాలు మిగతా దారి ఈదుకుంటూ పోతాయి. అవకాశం కొంచెం తగ్గుతుంది, అంతే. చూడితో ఉంటే అవతలి ముడి తెరుచుకోదు, లోపలున్నది లోపలే ఉంటుంది. బొటనవేలు నొక్కు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.

తీయి.

కూర్చో కాసేపు. పెద్దమ్మ మంచినీళ్లు తెచ్చింది. భుజం పచ్చిపుండులా సలుపుతోంది, సాయంత్రానికి కమిలిపోతుంది. “పూర్తిగా వేసినట్టేనా?” అని అడుగుతోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పు. “దీనికి చూడి ఉందేమోనని అనుమానం పెద్దమ్మా. అందుకని సగందాకానే వేశాను. నిలిస్తే ఏ సూదికి నిలిచిందో మూడు నెలలకు డాక్టరుగారు చెయ్యి పెట్టి చెబుతారు. అందాకా రెండు తేదీలూ గోడ మీద రాసుకోండి.” ఆమె ముఖంలో నమ్మకం సగమే కనబడుతోంది. పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి మాత్రం రాసింది: 25-10, 6-12.

డిసెంబరు 27. నల్లావు మళ్లీ పొర్లింది. అన్నీ సరిగ్గా కుదిరిన ఆవు. వేళకు వేసిన సూది, తేటగా తీగ, నాలుగు ముడులూ దాటిన గన్ను. అయినా నిలవలేదు. ఊళ్లలో వేసే సూదుల్లో ఇంచుమించు మూడింట ఒకటే నిలుస్తుంది. ఈ లెక్క ఎంత ముందు చెప్పినా రైతు మొహం చిన్నబోతుంది. మళ్లీ క్యాన్ కట్టు, మళ్లీ వెళ్లు, మళ్లీ వెయ్యి. మూడోసారీ పొర్లితే ఇంకో స్ట్రా తీయొద్దు, డాక్టరు దగ్గరికి పంపు. లోపల చీము ఉందేమో, ఖనిజలవణాలు తగ్గాయేమో ఆయన చూస్తారు.

ఎర్రావు 27న అరవలేదు.

మార్చి 6. డాక్టరుగారి చెయ్యి లోపలుంది. పెద్దమ్మ ముకుతాడు పట్టుకుని ఆయన ముఖాన్నే చూస్తోంది. నువ్వు గోడ మీది బొగ్గు గీతలు చూస్తున్నావు. ఆయన తొందరపడడు. గర్భసంచి కటి ఎముక దాటి కిందికి జారిపోయిందంటారు. వేళ్ల కింద గర్భసంచికి పోయే రక్తనాళం జుమ్మని అదురుతోందంటారు. ఆ అదురు ఇంచుమించు నాలుగో నెలకు గానీ బాగా తెలియదు. డిసెంబరు సూదికి నిలిచి ఉంటే ఇవాళ్టికి మూడు నెలలే కావాలి.

అక్టోబరుది. ఆ చలి పొద్దున నీ వేళ్ల అవతల 42 రోజుల దూడ ఉంది.

పెద్దమ్మ చెంగుతో 6-12 చెరిపేసింది. నువ్వు ఫోన్‌లో తేదీ సరిచెయ్. చిన్న విషయం కాదిది. ఆవు మోసేది 280 రోజులు. అక్టోబరు 25 నుంచి లెక్కేస్తే ఆగస్టు మొదటికి ఈనాలి. డిసెంబరు తేదీ పెట్టుకుని కూర్చుంటే సెప్టెంబరు 12 అని, జులై రెండో వారందాకా పాలు పిండుతూనే ఉంటారు. ఈనే ముందు రెండు నెలలు పొదుగుకు విశ్రాంతి ఇవ్వకపోతే వచ్చే ఈతలో పాలు పడిపోతాయి, దూడ బలహీనంగా పుడుతుంది.

“జూన్ మొదటి తేదీకి పాలు ఆపెయ్యండి పెద్దమ్మా. అప్పట్నుంచి దాణా పెంచండి. ఇంకెవరైనా వచ్చి ఎదలో ఉంది, సూది వేస్తామంటే చెయ్యి పెట్టనివ్వకండి.”